అందరికీ తెరుచుకొనే పుట

వేసవికాలంలో బాటసారుల కోసం చలివేంద్రం నెలకొల్పినవారు, వచ్చేవారి చేతిలో ఏ పాత్ర ఉంటుందో ముందుగా ఎరుగరు. ఒకరు చెంబు తెస్తారు. మరొకరు సీసా తెస్తారు. ఏ పాత్రా లేనివారు దోసిలి పడతారు. ఇత్తడి చెంబు తెచ్చినవారికే నీరు పోస్తామని పలక కట్టిన చోటు చలివేంద్రం అనిపించుకోదు. వెబ్‌సైటును రూపొందించేవారి స్థితి కూడా ఇటువంటిదే. తాము తయారుచేసిన పుటను ఎవరు తెరుస్తారో, ఏ ఊరిలో తెరుస్తారో, ఏ యంత్రంపై తెరుస్తారో వారికి తెలియదు. తెలియని ఆ పాఠకుని పట్ల చూపవలసిన మర్యాదే ఈ విద్యకు మొదటి పాఠం.

వెబ్‌పుట అచ్చుపుస్తకంలోని పుట వంటిది కాదు. అచ్చుపుట ముద్రణాలయం నుండి ఏ రూపంలో వెలువడుతుందో, అదే రూపంలో పాఠకుని చేతికి చేరుతుంది. వెబ్‌పుట అలా చేరదు. ఇది శీర్షిక, ఇది పేరా, ఇక్కడ బొమ్మ ఉంచాలి, ఈ మాటను తాకితే మరొక పుటకు వెళ్ళాలి అనే సూచనలతో కూడిన వ్రాతప్రతిగా అది ప్రయాణం చేస్తుంది. ఆ సూచనలను చదివి, పుటను తెరపై కూర్చి చూపే సాధనమే బ్రౌజరు. ఆ సూచనల భాష పేరు హెచ్.టి.ఎం.ఎల్. ఒకే వ్రాతప్రతిని పదిమంది కంపోజిటర్లకు ఇస్తే, పదిమంది కూర్చిన పుటలూ అచ్చం ఒకేలా ఉండవు. బ్రౌజర్ల విషయమూ అంతే. పుటను రూపొందించినవారు తమ గదిలో, తమ కంప్యూటరుపై చూసుకొని మురిసిన రూపం, ఆ పుట పొందగల అనేక రూపాలలో ఒకటి మాత్రమే.

వెబ్ పుట్టుకలోనే ఈ వైవిధ్యం ఉంది. స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ దేశాల సరిహద్దులో, జెనీవా నగర సమీపాన సెర్న్ అనే పరమాణు పరిశోధన సంస్థ ఉంది. అనేక దేశాల శాస్త్రవేత్తలు అక్కడికి వచ్చి పనిచేస్తుంటారు. 1980 దశకంలో వారు వాడిన కంప్యూటర్లు పలు రకాలు. ఒక యంత్రంలోని సమాచారం మరొక యంత్రానికి అందేది కాదు. ఒక్కొక్క సమాచారం కోసం ఒక్కొక్క యంత్రం వద్దకు వెళ్ళి, దాని వాడుక పద్ధతిని కొత్తగా నేర్చుకోవలసి వచ్చేది. ఈ ఇబ్బందిని తొలగించడానికి టిమ్ బెర్నర్స్-లీ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు 1989 మార్చిలో ఒక ప్రతిపాదన సమర్పించాడు. 1990 చివరినాటికి మొదటి బ్రౌజరునూ, మొదటి వెబ్‌పుటలనూ సిద్ధం చేశాడు.

అయితే ఆ మొదటి బ్రౌజరు నెక్స్ట్ అనే కంప్యూటరుపై మాత్రమే పనిచేసేది. సెర్న్‌లో ఆ యంత్రం ఉన్నవారు కొద్దిమందే. అన్ని యంత్రాల మధ్య అడ్డుగోడలు తొలగించడానికి పుట్టిన సాధనం, ఒక్క యంత్రానికే బందీ అయ్యే పరిస్థితి ఏర్పడింది. ఆ చిక్కును విడదీయడంలో ఒక విద్యార్థిని పాత్ర గణనీయమైనది. ఇంగ్లండులోని లీస్టర్ పాలిటెక్నిక్‌లో గణితం చదువుతూ, శిక్షణ కోసం 1990లో సెర్న్‌కు వచ్చిన నికోలా పెల్లో, పంక్తుల వారీగా అక్షరాలను మాత్రమే చూపే ఒక సాదా బ్రౌజరును రచించింది. దానిలో బొమ్మలు లేవు, రంగులు లేవు, మౌస్ అవసరం లేదు. ఆ నిరాడంబరతే దాని బలమైంది. దాదాపు ఏ కంప్యూటరుపైనైనా అది నడిచేది. సెర్న్ ఉద్యోగుల టెలిఫోను జాబితాను వెబ్ ద్వారా చూడగలగడం, ఆ కొత్త సాధనం అక్కడివారికి చేసిన తొలి ఉపకారాలలో ఒకటి. ఘనమైన సిద్ధాంతం కంటే ఫోను నెంబరు తేలికగా దొరకడమే సామాన్యులకు వెబ్ విలువను తెలియజెప్పింది.

హెచ్.టి.ఎం.ఎల్.లో మరొక సుగుణం ఉంది. తనకు తెలియని సూచన ఎదురైనప్పుడు బ్రౌజరు అలిగి ఆగిపోదు. ఆ సూచనను విడిచిపెట్టి, దాని నడుమ ఉన్న మాటలను యథాతథంగా చూపుతుంది. అందువల్ల కొత్త అలంకారాలు తెలియని పాత బ్రౌజరులో సైతం పుటలోని విషయం చదువరికి దక్కుతుంది. ముఖ్యమైనది మాట, అలంకారం ఆ తరువాతిది. ఈ క్రమాన్ని పాటించినంతకాలం పుటకు చిక్కులు తక్కువ. క్రమం తప్పినప్పుడే కష్టాలు మొదలయ్యాయి.

1993 ఏప్రిల్ 30న సెర్న్ సంస్థ తన వెబ్ సాంకేతికతను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చునని ప్రకటించింది. అదే సంవత్సరం అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రం నుండి మొజాయిక్ బ్రౌజరు వెలువడి, పుటలోనే మాటల పక్కన బొమ్మలను చూపడంతో సామాన్య జనాన్ని ఆకర్షించింది. 1994లో నెట్‌స్కేప్, 1995లో మైక్రోసాఫ్ట్ వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ రంగప్రవేశం చేశాయి. ఈ రెండింటి మధ్య తీవ్రమైన పోటీ నడిచింది. పోటీలో పైచేయి కోసం ఒక్కొక్కరు తమ బ్రౌజరుకు మాత్రమే తెలిసిన సూచనలను చేర్చసాగారు. అక్షరాలను మిణుకు మిణుకుమనిపించే సూచనను నెట్‌స్కేప్ తెచ్చింది. అక్షరాలను తెరపై ఒక వైపు నుండి మరొక వైపుకు పరుగెత్తించే సూచనను ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ తెచ్చింది. ఇవి చిన్న ముచ్చట్లే. కాని 1997 నాటికి పుటలోని భాగాలను కదిలించే పద్ధతులు సైతం రెండింటిలో పరస్పర విరుద్ధంగా తయారయ్యాయి. పుటను రూపొందించేవారు ఒకే పనిని రెండుసార్లు రెండు విధాలుగా రాయవలసి వచ్చింది. అంత ఓపిక లేనివారు, 'ఈ పుటను ఫలానా బ్రౌజరులో మాత్రమే చూడగలరు' అనే పలకను పుట అడుగున తగిలించి ఊరుకొన్నారు. చలివేంద్రం ముందు ఇత్తడి చెంబు పలక కట్టడమంటే ఇదే.

కొలతల విషయంలోనూ పేచీ తప్పలేదు. సంతలో ఇద్దరు వర్తకుల మానికలు వేర్వేరుగా ఉంటే కొనేవాని గతి ఏమవుతుంది? ఒక పెట్టెలో కొంత విషయం ఉంచి, దాని వెడల్పు 200 పిక్సెళ్ళు అని పేర్కొన్నారనుకోవాలి. లోపల రెండు పక్కలా 10 చొప్పున ఖాళీ, అంచుగీతకు రెండు పక్కలా 5 చొప్పున మందం ఇచ్చారు. ప్రమాణం ప్రకారం వెడల్పు అనేది లోపలి విషయానికి సంబంధించినది కనుక, ఖాళీనీ గీతనూ కలుపుకొని పెట్టె తెరపై 230 పిక్సెళ్ళ మేర ఆక్రమిస్తుంది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5 అలా లెక్కించేది కాదు. ఖాళీ, గీత అన్నీ ఆ 200లోనే ఇమిడిపోవాలని భావించేది. 600 పిక్సెళ్ళ స్థలంలో ఇటువంటి మూడు పెట్టెలను పక్కపక్కన ఉంచితే, ఒక బ్రౌజరులో చక్కగా సరిపోయేవి. మరొక దానిలో 690 పిక్సెళ్ళు కావలసి వచ్చి, మూడవ పెట్టె కింది వరుసలోకి జారిపోయేది. రాత్రంతా కూర్చొని తీర్చిదిద్దిన పుట తెల్లవారి మరొకరి కంప్యూటరుపై చిందరవందరగా కనిపించడానికి ఇటువంటి చిన్న భేదమే కారణమయ్యేది. 2001లో వచ్చిన ఆరవ సంచిక, పుట మొదటి పంక్తిలో పత్రం ఏ రకానికి చెందినదో ప్రకటించిన పుటలను ప్రమాణం ప్రకారమే కొలిచింది. ఆ ప్రకటన లేనివాటిని పాత పద్ధతిలోనే కొలిచింది. ఒక్క పంక్తి మరచినందుకు పుట రూపురేఖలే మారిపోయేవి. విశేషమేమంటే, పాత పద్ధతిలోనూ ఒక సౌలభ్యం ఉన్నదని తరువాతి కాలంలో గుర్తించి, రెండు కొలతలలో ఏది కావాలో పుటలోనే తెలిపే వీలును ప్రమాణాలలో చేర్చారు. వాదం ఏ మానిక గొప్పదని కాదు. ఏ మానికతో కొలుస్తున్నారో అందరికీ తెలియాలనే.

ఈ అవ్యవస్థను చక్కదిద్దడానికి కృషి జరగకపోలేదు. టిమ్ బెర్నర్స్-లీ 1994లో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం అనే సంస్థను స్థాపించి, అందరూ అంగీకరించే ప్రమాణాల రూపకల్పనకు పూనుకొన్నాడు. విషయాన్నీ అలంకారాన్నీ వేరుచేయాలనే భావనతో హోకన్ వియుం లీ 1994లో ప్రతిపాదించిన సి.ఎస్.ఎస్. అనే అలంకరణ భాష, బెర్ట్ బాస్ సహకారంతో వికసించి, 1996 డిసెంబరులో ప్రమాణంగా వెలువడింది. 1998లో కొందరు వెబ్ రూపకర్తలు 'వెబ్ ప్రమాణాల ఉద్యమం' ఆరంభించి, బ్రౌజరు సంస్థలు ప్రమాణాలను పాటించాలని గట్టిగా కోరారు. 2005లో వారు ఒక పరీక్షపుటను విడుదల చేశారు. ప్రమాణాలను సరిగా పాటించే బ్రౌజరులో అది నవ్వుతున్న ముఖంగా కనిపించేది. పాటించని వాటిలో ఆ ముఖం వికృతంగా కనిపించేది. ఏ సంస్థ ఎంతవరకు నియమబద్ధంగా ఉన్నదో పసిపిల్లవాడైనా చూసి చెప్పగలిగేవాడు. క్రమంగా పరిస్థితి మెరుగుపడింది. ఫైర్‌ఫాక్స్ 2004లోనూ, క్రోమ్ 2008లోనూ వెలువడ్డాయి. ఒకప్పుడు వెబ్‌ను ఏలిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు 2022 జూన్‌లో మైక్రోసాఫ్ట్ సంస్థే స్వస్తి పలికింది. ఆ బ్రౌజరు కోసమే కట్టిన పుటలు, యజమాని వెళ్ళిపోయిన ఇంటి తాళంచెవుల వలె నిరర్థకమయ్యాయి.

తెలుగువారికి ఈ కథ పరాయిది కాదు. 1990 దశకపు చివరి సంవత్సరాలలో తెలుగు పత్రికలు వెబ్‌లో అడుగుపెట్టాయి. అప్పటి కంప్యూటర్లకు తెలుగు లిపి తెలియదు. అందువల్ల ఆంగ్లాక్షరాలకు కేటాయించిన స్థానాలలో తెలుగు అక్షరాల భాగాలను అమర్చి, ఎవరి ఫాంటును వారు తయారుచేసుకొన్నారు. ఆ ఫాంటు ఉన్నవారికి తెలుగు కనిపించేది. లేనివారికి అర్థం లేని గుర్తుల గుంపు కనిపించేది. పుటతోపాటే ఫాంటును పంపే పద్ధతులు వచ్చాయి గాని, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు ఒక విధమైన ఫాంటు, నెట్‌స్కేప్‌కు మరొక విధమైన ఫాంటు కావలసి వచ్చేది. కంటికి తెలుగుగా కనిపించినా, కంప్యూటరు దృష్టిలో అది తెలుగు కాదు. 'వరి' అని వెదికితే వరిని గురించిన వార్త దొరికేది కాదు. దూరదేశంలో ఉన్న తెలుగువాడు సొంత జిల్లా వార్త చదవాలంటే, భాష తెలిసి ఉండడం చాలలేదు. తగిన బ్రౌజరు కూడా ఉండవలసి వచ్చింది.

ప్రపంచ లిపులన్నిటికీ వేర్వేరు స్థానాలు కల్పించిన యూనికోడ్ ఈ బాధకు విరుగుడైంది. 1991లో వెలువడిన తొలి సంచికలోనే తెలుగుకు 128 స్థానాల విభాగం లభించింది. అయినా స్థానం లభించగానే అక్షరం తెరపైకి రాదు. దానిని చూపగల ఫాంటు, ఒత్తులనూ గుణింతాలనూ సరిగా కూర్చగల నేర్పు యంత్రానికి అలవడాలి. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా యూనికోడ్‌లోనే ప్రారంభమయింది. పాత ఫాంట్లలో ఉన్న పత్రికల పుటలను యూనికోడ్‌లోకి మార్చి చూపే 'పద్మ' అనే ఉపకరణం ఫైర్‌ఫాక్స్ వాడేవారికి తోడ్పడింది. ఒక్కొక్క అడుగుతో తెలుగు, ఒక ఫాంటు చెర నుండి, ఒక బ్రౌజరు చెర నుండి విడివడింది.

అక్షరం కూర్చడం యంత్రానికి ఎంత సున్నితమైన పనియో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతటికీ తెలిసివచ్చింది. 'జ్ఞా' అనే తెలుగు అక్షరాన్ని ఒక విధంగా కూర్చిన వరుస తెరపైకి రాగానే, ఐఫోన్లలో కొన్ని అనువర్తనాలు స్తంభించిపోయాయి. ఆపిల్ సంస్థ అదే నెలలో లోపాన్ని సవరించింది. జ్ఞానమనే మాటకు మొదటి అక్షరమే యంత్రానికి మింగుడు పడకపోవడం చదివి తెలుగువారు నవ్వుకొన్నారు. కాని అందులోని నీతి చిన్నది కాదు. తమ పుట తమ యంత్రంలో బాగున్నదని తృప్తిపడక, ఇతర యంత్రాలలోనూ పరీక్షించి చూడాలన్నదే ఆ నీతి.

ఇక తెరను చూడలేనివారి సంగతి ఆలోచించవలసి ఉంది. అంధులు స్క్రీన్ రీడర్ అనే సాధనం సహాయంతో పుటను చెవితో చదువుతారు. 2006లో ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ ఎన్.వి.డి.ఏ. అనే ఉచిత స్క్రీన్ రీడరు రచనను ఆరంభించాడు. జేమ్స్ తే అతనితో కలిసి పనిచేశాడు. వారిద్దరూ చూపు లేనివారే. తమకు కావలసిన సాధనం ఖరీదు సామాన్యులకు అందదని గ్రహించి, తమ వంటివారందరి కోసం వారు ఆ పనికి పూనుకొన్నారు. అయితే సాధనం ఎంత మంచిదైనా, పుటలో చదవడానికి మాటలు ఉండాలి కదా! ప్రకటనను కాగితంపై అచ్చువేసి, ఫోటో తీసి, ఆ ఫోటోను మాత్రమే పుటలో ఉంచితే, స్క్రీన్ రీడరుకు అక్కడ ఒక బొమ్మ ఉన్నదని తప్ప మరేమీ తెలియదు. ఉపకార వేతనానికి దరఖాస్తు గడువు ఆ బొమ్మలోనే ఉంటే, చూపులేని విద్యార్థి ఆ అవకాశాన్ని పోగొట్టుకొంటాడు. తప్పు అతనిది కాదు, పుటది. మన దేశంలో 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం, సమాచార సాంకేతిక సేవలు వారికి అందుబాటులో ఉండాలని నిర్దేశించింది. చట్టం లేకున్నా, అది మానవత్వం చెప్పే మాటే.

ఇంతకూ ఇటువంటి పుటను తయారుచేయడం కష్టమా? ఒక జూనియర్ కళాశాల గ్రంథాలయానికి ఒక విద్యార్థిని పుట రూపొందించదలచినదని భావించవచ్చు. ఆమె మొదట రంగుల జోలికి పోకుండా, గ్రంథాలయం పేరు, తెరిచి ఉండే వేళలు, కొత్త పుస్తకాల జాబితా మామూలు మాటలలో రాసుకోవాలి. మొదటి పంక్తిలో పత్ర రకాన్ని, ఆ తరువాత అక్షరాలు యూ.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఉన్నాయనీ, పుట భాష తెలుగనీ ప్రకటించాలి. శీర్షికను శీర్షికగానే, జాబితాను జాబితాగానే గుర్తించాలి. శీర్షిక పెద్దగా కనిపించాలని ఉత్త పేరాను లావుచేసి సరిపెట్టకూడదు. ఈ దశలో పుట నిరాడంబరంగా ఉంటుంది. కాని ఏ బ్రౌజరులోనైనా తెరుచుకొంటుంది. ఆ తరువాతనే సి.ఎస్.ఎస్.తో రంగులు, అంచులు, అమరిక చేర్చాలి. వెడల్పులను స్థిరమైన పిక్సెళ్ళలో కాక తెర వెడల్పులో ఇంత శాతమని చెప్పితే, చిన్న ఫోనులోనూ పెద్ద తెరలోనూ పుట ఒదిగిపోతుంది. ప్రతి బొమ్మకూ దాని భావాన్ని తెలిపే మాటలు జోడించాలి. కోరిన ఫాంటు లేకపోతే వాడవలసిన మరొక ఫాంటు పేరు కూడా తెలపాలి.

పుట పూర్తయిన తరువాత పరీక్ష ముఖ్యం. రెండు మూడు బ్రౌజర్లలో తెరిచి చూడాలి. తక్కువ ధర ఫోనులో, సిగ్నలు సరిగా అందని చోట తెరిచి చూడాలి. బొమ్మలు రాకుండా చేసి చూడాలి. మౌస్ పక్కన పెట్టి కీబోర్డుతో మాత్రమే పుటంతా తిరగగలమా అని పరిశీలించాలి. ఎక్కడైనా అమరిక చెదిరితే బ్రౌజరును నిందించడం సులభమే. 'ఆడలేక మద్దెల ఓడు' అన్న సామెత ఉండనే ఉంది. బ్రౌజర్లలో లోపాలు ఉండవని కాదు. కాని పుటలో ముగింపు గుర్తు మరచిన పంక్తి ఏదైనా ఉన్నదేమో ముందుగా వెదుక్కోవడం వివేకం.

నిరాడంబరమైన పుట అందవిహీనంగా ఉంటుందని కొందరి అభిప్రాయం. అన్ని బ్రౌజర్లలో పనిచేయాలంటే కొత్త హంగులన్నీ వదులుకోవాలని వారి శంక. అది నిజం కాదు. అన్ని బ్రౌజర్లలో పుట అచ్చుగుద్దినట్లు ఒకేలా కనిపించాలన్నది ఆశయం కానే కాదు. కొత్త బ్రౌజరు ఉన్నవారికి మెరుగైన సొగసులు కనిపించవచ్చు. పాతది ఉన్నవారికి సాదాగా కనిపించవచ్చు. విషయం మాత్రం ఇద్దరికీ పూర్తిగా అందాలి. పండుగనాడు ఇంటి ముంగిట రంగవల్లిక దిద్దడం అందమే. ఆ ముగ్గు తొక్కరాదని గడపకు అడ్డంగా తలుపు మూసుకోవడం మాత్రం అందం కాదు.

వెబ్ సాంకేతికతను ఉచితంగా ప్రకటించి ఇరవై సంవత్సరాలు నిండిన సందర్భంగా, 2013లో సెర్న్ సంస్థ మొదటి వెబ్‌సైటు తొలినాళ్ళ ప్రతిని పాత చిరునామాలోనే తిరిగి నెలకొల్పింది. ఆ పుటలో బొమ్మలు లేవు. తెల్లని తెరపై నల్లని అక్షరాలు, మరొక పుటకు దారిచూపే కొన్ని మాటలు మాత్రమే ఉన్నాయి. దానిని రాసినవారు ఊహించనైనా ఊహించని చేతి ఫోన్లలో సైతం అది చక్కగా తెరుచుకొంటుంది. ఆ తరువాత ఒక్క బ్రౌజరును నమ్ముకొని ఎంతో ఆడంబరంగా కట్టిన పుటలు అనేకం తెరుచుకోకుండా పోయాయి. రానున్న పాఠకుడెవరో తెలియకపోయినా, అతడు ఏ సాధనంతో వచ్చినా వెనుదిరిగిపోరాదన్న తలంపుతో రాసిన పుటకే దీర్ఘాయువు లభించింది. పుటను రూపొందించడం నేర్చుకొనే విద్యార్థి, ఆ తలంపును మొదటి పంక్తి రాయకముందే అలవరచుకోవాలి. దోసిలి పట్టినవానికీ నీరు పోసేదే చలివేంద్రం.